పేస్టు పురాణం

పాత మోటారు సైకిలు నిలిచే వాకిట్లో ముగ్గు నిలవదని మా ఆవిడ సిద్ధాంతం. రాత్రంతా బండి ఉన్నచోట పాత అర్ధరూపాయి బిళ్లంత నల్లమచ్చ ఒకటి తేలుతుంది. సబ్బుతో రుద్దినా పోదు. దానిమీద పిండి వేస్తే పిండే నల్లబడుతుంది. కింది వాటాలో మా అక్కయ్య ఉంటుంది గనుక, బండి అక్కయ్య కొడుకుది గనుక, ఈ సిద్ధాంతాన్ని మా ఆవిడ మా చెవిలో మాత్రమే ప్రతిపాదిస్తూ వచ్చింది. మేమూ విని ఊరుకుంటూ వచ్చాము.

కుటుంబ పత్రికలో గేరుబాక్సు గొడవ ఏమిటని పాఠకులు విసుక్కోవద్దని మనవి. మన సంఘం ఉగాది సభనాడు హాలు ముందర నిలిచే బండ్లను చూసినవారికి ఇది ఎంత ఇంటి సంగతో తెలుసు. వాటిలో చాలా బండ్లు తండ్రులు కొన్నవి, నడిపేది కొడుకులు. ఏ బండి ఎక్కడ నిలిచిందో మర్నాడు నేలను చూసి కూడా చెప్పవచ్చు.

మా మేనల్లుడి బండి ఎజ్డీ రోడ్‌కింగు. మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా కర్మాగారంలో పుట్టింది. అక్కడ 1961లో జావా పేరుతో బండ్లు రావడం మొదలై, 1973లో పేరు ఎజ్డీ అయింది. 1996లో కర్మాగారమే మూతపడింది. 2022లో ఎజ్డీ పేరు మళ్లీ బజారులోకి వచ్చినమాట నిజమేగాని, ఆ కొత్త బండ్ల ఇంజను జాతే వేరు. పాతబండి మరకు కొత్తబండి మర సరిపడదు. మా బావ దీన్ని కొన్ననాడు బెంగుళూరులో చెట్లు ఎక్కువగా, బండ్లు తక్కువగా ఉండేవి. ఆయన పోయి ఆరేళ్లయింది. అబ్బాయి దానిమీదనే రోజూ పీణ్యాలో తాను పనిచేసే చిన్న కార్ఖానాకు వెళ్లివస్తాడు.

మొన్న ఆషాఢంలో సన్నగా తుంపర పడుతూండగా ఒక మలుపులో వెనక చక్రం జారి అబ్బాయి పడ్డాడు. మోకాలి చర్మం లేచింది, అంతకు మించి దెబ్బ లేదు. ఇంటికి తెచ్చి చూస్తే వెనక టైరు పక్కన చెయ్యి పెట్టినంతమేరా ఆయిలు జిడ్డు. నిలిచి ఉన్న బండి కింద చుక్కగా రాలే ఆయిలు, నడిచే బండిలో గాలికి వెనక్కు కొట్టుకుపోయి టైరు మీద చేరుతుంది. నేలమీద మచ్చ చూసి ఊరుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి. ఇరవై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. రాత్రికి నలభై చుక్కలు కారినా నెలకు అరవై మిల్లీలీటర్లు దాటదు. ఆయిలు ఖరీదు లెక్క చూస్తే అది నష్టమే కాదు. కాని టైరు మీద పడే చుక్క ఖరీదు వేరు.

అక్కయ్య ఆ మోకాలు చూసి, కట్టు కట్టి, నింపాదిగా ఒక మాట అన్నది.

"ఆ బండిని పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యండిరా. కొన్న మనిషి పోయాడు. దానితో ఇంకో మనిషిని పోగొట్టుకోలేను."

అబ్బాయి ఏమీ అనలేదు. గుడ్డ తీసుకుని టైరు తుడుస్తూ కూర్చున్నాడు. చివరకు మేము కలగజేసుకుని వినాయకచవితిదాకా గడువు అడిగాము. అక్కయ్య ఒప్పుకున్నది. ఒక పెద్ద వర్కుషాపులో చూపిస్తే, ఇంజను మొత్తం విప్పి మళ్లీ కట్టాలన్నారు. వారు చెప్పిన మొత్తం అబ్బాయి నెలజీతంలో సగం పైమాట. ఇంటి అద్దె, చీటీ కట్టాక అంత మొత్తం వాడి చేతిలో మిగలదు.

అందువల్ల మేము మా మేస్త్రీ దగ్గరకు పోయాము. ఒకప్పుడు మైసూరు బండ్లకు ఈ పేటలో ఆయనే ధన్వంతరి. ఇప్పుడు చూపు కొంచెం తగ్గింది, చెయ్యి మాత్రం తగ్గలేదు. ఆయన తాతలు చిత్తూరు జిల్లానుంచి వచ్చారట. ఆయన తెలుగులో కోలారు, కన్నడం, కోలాటం అన్నీ ఉంటాయి.

"మంచి పేస్టు ఏదో చెప్పు మేస్త్రీ, ధర ఎక్కువ కాకూడదు" అన్నాము.

"పేస్టు ఎప్పుడన్నా కొనొచ్చు సామీ. ఆయిలు యాడనుంచి వస్తా ఉందో ముందు అది చూడల్ల" అన్నాడు.

ఆయన మూడు ప్రశ్నలు అడిగాడు. గీతకు మించి ఆయిలు పోశారా? గేరుబాక్సు ఊపిరి పీల్చే చిన్న రంధ్రం మట్టితో మూసుకుపోయిందా? పొగ ఎట్లా వస్తున్నది? మొదటి రెండూ తేలికగా తెలుస్తాయి. లోపల వేడెక్కిన గాలికి బయటికి దారి లేకపోతే అది ఆయిలును సందులలోంచి తోస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన పేస్టు పూసినా ఇంకొక సందు వెతుక్కుంటుంది. మూడో ప్రశ్న ఈ బండ్లకు ప్రత్యేకం. ఎజ్డీ రెండు స్ట్రోకుల ఇంజను. ఇంజనుకు కావలసిన ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తాము. గేరుబాక్సుకూ క్లచ్చికీ వేరే ఆయిలు. ఈ రెంటికీ నడుమ క్రాంకు ఇరుసుమీద ఒక ఆయిలు సీలు కాపలా ఉంటుంది. అది అరిగిపోతే ఇంజను గేరుబాక్సు ఆయిలును లోపలికి పీల్చి కాలుస్తుంది. నేలమీద చుక్క కూడా పడకుండా ఆయిలు తరుగుతుంది, వెనక వచ్చేవారికి మాత్రం మబ్బు కమ్ముతుంది. ఆ జబ్బుకు పేస్టు మందు లేదు. మా బండి పొగ మామూలుగానే ఉన్నది. మాకు సగం బరువు దిగింది.

తర్వాత ఇంజను అడుగంతా డీజిలుతో కడిగి, ఆరబెట్టి, మా ఆవిడ మొహానికి వాడే పౌడరు డబ్బా తెప్పించి అతుకుల వెంట చల్లాడు. డబ్బా దేనికని ఆవిడ అడిగితే, బండికి సింగారమని చెప్పాము. బండిని పదినిమిషాలు నడిపించి తెచ్చాడు. ఎడమవైపు మూత అడుగున రెండు మరల నడుమ, రెండు వేళ్ల పొడుగున, తెల్లపౌడరులో సన్నని నల్లగీత. మిగతాచోట్ల పౌడరు పౌడరుగానే ఉన్నది. ఇంజను మొత్తం విప్పాలన్న జబ్బు రెండు వేళ్ల పొడుగు తేలింది.

ఆయిలు వంపి మూత విప్పాడు. ఎజ్డీలో కిక్కు కొట్టే కడ్డీ, గేరు వేసే కడ్డీ ఒకటే గదా, దాని ఇరుసు ఈ మూతలోంచే బయటికి వస్తుంది. లోపల క్లచ్చి ఉంటుంది. మూతకూ ఇంజనుకూ నడుమ ఉండవలసిన కాగితపు ప్యాకింగు లేనేలేదు. ఇదివరలో ఎవరో దాన్ని ఎగరగొట్టి, బదులుగా సిలికాన్ పేస్టు వేలిమందాన దట్టించారు. బయటికి వచ్చింది ఎట్లాగూ తుడిచి ఉంటారు. లోపలికి వచ్చినది సేమ్యా మాదిరిగా తీగలుతీగలుగా గోడకు వేలాడుతున్నది. కొన్ని తెగి అడుగున పడి ఉన్నాయి. ఎజ్డీ గేరుబాక్సులో ఆయిలు పంపు లేదు, చక్రాలు తిరుగుతూ చిమ్ముకునేదే. గనుక పెద్ద ప్రమాదం జరగలేదు. ఇంజనుకూ గేరుబాక్సుకూ ఒకే ఆయిలు తిరిగే నేటి నాలుగు స్ట్రోకుల బండ్లలో అయితే, ఇటువంటి తీగలు పంపు జల్లెడకు అడ్డంపడి, పైన ఇంజను ఎండిపోయేది. పేస్టు ఎక్కువ పూస్తే ఎక్కువ భద్రమని నమ్మేవారు ఆ సేమ్యాను ఒకసారి చూడాలి.

ఇంకొక సంగతి. ప్యాకింగు కాగితం ఆయిలు ఆపడానికే అనుకుంటాము. కొన్ని గేరుబాక్సులలో ఆ కాగితం మందం లోపలి ఇరుసులు పక్కకు కదలడానికి వదిలిన వెసులుబాటులో భాగం. కాగితం తీసి ఉత్త పేస్టుతో బిగిస్తే ఆ వెసులుబాటు పోయి ఇరుసు బిగుసుకోవచ్చు. కాబట్టి కంపెనీవారు కాగితం పెట్టినచోట కాగితమే ఉండాలి. పేస్టు దానికి తోడు.

ఇక కొనడం. జె.సి. రోడ్డు తెలియని బెంగుళూరువారు ఉండరు. ఆ రోడ్డున బండికి తల తప్ప అన్నీ దొరుకుతాయి. అబ్బాయీ మేమూ శనివారం మధ్యాహ్నం పోయి, పేస్టు అనగానే అంగడివాడు బల్లమీద ఐదారు గొట్టాలు పరిచాడు. ఎరుపు, బూడిదరంగు, నలుపు, నీలం. రంగును బట్టి గుణం చెప్పే శాస్త్రం ఏదీ లేదు. గొట్టంమీద చిన్న అక్షరాలలో ఉన్నదే చదువుకోవాలి.

అందరికంటె వయసులో పెద్దది షెల్లాక్. మన లక్కే అది. చెట్టుకొమ్మలమీద పురుగులు కూర్చే జిగురును స్పిరిటులో కరిగిస్తే వచ్చే గోధుమరంగు పాకం. ఏటికొప్పాక బొమ్మకూ, మైసూరు దారిలోని చన్నపట్నం బొమ్మకూ మెరుగు పెట్టేది లక్కే. పాండవులను దహించబోయినదీ అదే. మైసూరులో పుట్టిన బండికి చన్నపట్నం బొమ్మ మెరుగు పూయడం ఎంతో సముచితమని మాకు తోచింది. ధర ఒక కాఫీ టిఫినుకు మించదు. పెట్రోలుకూ ఆయిలుకూ కరగదు. కాని గట్టిపడ్డాక పెళుసు. కాగితానికి పట్టిస్తే, మళ్లీ విప్పేనాడు కాగితం ముక్కలుముక్కలుగా చెక్కుకోవలసిందే. ఆ చెక్కడంలో స్క్రూడ్రైవరు జారితే అల్యూమినియంమీద గీత పడుతుంది. మర్నాటి కారుడుకు అదే దారి.

రెండోది సిలికాన్. చెన్నైలో తయారయ్యే అనాబాండ్ 666 ఎన్నో షెడ్లలో కనబడుతుంది. మరికొన్ని పేర్లూ ఉన్నాయి. గాలిలోని తేమను పీల్చి రబ్బరులాగా గట్టిపడడం దీని తత్త్వం. చిన్నగొట్టం ఖరీదు మా వీధి హోటల్లో ఇద్దరి భోజనం. ఇక్కడ అబ్బాయికి ఒక యుక్తి తోచింది.

"మామయ్యా, స్నానాలగది మూలల్లో పూసేదీ సిలికానే గదా. అంతకు సగం ధరకు పెద్దగొట్టం వస్తుంది."

అంగడివాడు నవ్వాడు. స్నానాలగదికి పూసేది నీళ్లకు ఉద్దేశించినది. వేడి ఆయిలులో నానితే పట్టు సడలుతుంది. పైగా అటువంటివాటిలో చాలావాటికి ఆరేటప్పుడు సిర్కావాసన వస్తుంది. సిర్కాలో ఉండే ఆమ్లమే అది, లోహానికి మంచిది కాదు. ఆయిలుకు తట్టుకుంటుందని స్పష్టంగా వ్రాసి ఉన్నదే కొనాలి. అట్లాగే మూడువందల డిగ్రీల వేడికి ఆగుతుందని గొప్పగా అచ్చువేసిన ఎర్రగొట్టానికి అదనంగా డబ్బు పోయనక్కరలేదు. మన ఊరి తిరుగుళ్లలో గేరుబాక్సు ఆయిలు నూరు డిగ్రీలు దాటడమే అరుదు. ఆ వేడి సైలెన్సరు బాధ.

సిలికానుకు ఒక పెద్ద లోపం ఉన్నది. పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. పాత ఎజ్డీలో ఇది మరచిపోరాదు. ఇంజనూ గేరుబాక్సూ ఒకే పోతలో ఉంటాయి. నిలువునా రెండు చిప్పలుగా విడిపోతాయి. ఆ చిప్పల అతుకు ఒకపక్క గేరు ఆయిలును, ఇంకొకపక్క క్రాంకు గదిలోని పెట్రోలు ఆవిరిని ఆపుతుంది. చిప్పలు విడదీసినరోజున అక్కడ సిలికాను పనికిరాదు.

అక్కడ పనికివచ్చేది మూడో రకం. గాలి ఆడినంతసేపూ ద్రవంగా ఉండి, రెండు లోహపు ముఖాల నడుమ గాలి అందనిచోట చిక్కగానే గట్టిపడుతుంది. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే రసాయనాచార్యుడు తయారుచేశాడు. లాక్‌టైట్ అని లోకమంతా ఎరిగిన పేరు దానిదే. దాని సీసాను నిండా నింపరు, లోపల గాలి ఉంటేనే చెడకుండా ఉంటుంది. ఖాళీ ఎక్కువగా ఉన్నదని అంగడివాడితో జగడమాడేవారికి ఈ రహస్యం తెలియదు పాపం. అతుకులోంచి లోపలికి ఒలికినది గట్టిపడక ఆయిలులో కలిసిపోతుంది, సేమ్యా కాదు. ఇంత గుణవంతుడికి మూడు పట్టింపులు. లోహానికి లోహం తగలాలి, నడుమ కాగితం ఉండరాదు. సందు సుమారు పావు మిల్లీమీటరుకు మించరాదు. ఇనుము, ఇత్తడిల నడుమ త్వరగా, అల్యూమినియం నడుమ నిదానంగా పడుతుంది. ధర మా ఇంటిల్లిపాదీ అదే హోటల్లో రెండుపూటలా భోంచేసినంత.

అబ్బాయి మనసు దీనిమీదికి పోయింది. నాన్న బండికి ఖరీదైనదే వాడాలని వాడి కోరిక. మాకది అర్థమైంది. కాని మా మూత కాగితం పెట్టవలసిన మూత. పైగా దాని లోపల క్లచ్చి పలకలున్నాయి. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ విప్పకతప్పదు. విప్పినప్పుడల్లా ముఖం చెడగొట్టే పేస్టు, ఇవాళ ఎంత చవకగా వచ్చినా, ఖరీదైనదే. అందువల్ల చిన్న సిలికాన్ గొట్టం ఒకటి, ప్యాకింగు కాగితం ఒక మూర కొని, మిగిలిన డబ్బుతో మసాలదోసె తిని ఇంటికి వచ్చాము.

ఆదివారం పని జరిగింది. పాత సిలికాను వేళ్లతోనూ ప్లాస్టికు ముక్కతోనూ వొలిచి, థిన్నరుతో తుడిచాము. అబ్బాయి కార్ఖానాలో కొలతలు చూసే ఉద్యోగి, ఫీలరు గేజి తెచ్చుకున్నాడు. మూతను అద్దపుపలకమీద బోర్లించి సందు చూస్తే, ఎవరిదో స్క్రూడ్రైవరు తాలూకు గీతదగ్గర మిల్లీమీటరులో పదోవంతు లోతు తేలింది. అద్దంమీద సన్నని ఎమరీ కాగితం పరచి, మూతను ఎనిమిది అంకె మాదిరిగా నెమ్మదిగా తిప్పుతూ అరగంట రుద్దాడు. ఆ అరగంటలో వాడి మొహం చూస్తే మా బావ ఆదివారాలు ఇదే వాకిట్లో కూర్చున్నప్పటి మొహమే. అక్కయ్య కిటికీలోంచి చూసి లోపలికి పోయింది.

మేస్త్రీ కాగితాన్ని మూత అంచుమీద పరచి, చిన్న సుత్తి గుండ్రని తలతో అంచువెంట తట్టుకుంటూ పోయాడు. తట్టినచోటల్లా కాగితం దానంతట అదే కత్తిరించినట్లు తెగింది. మర రంధ్రాలూ అట్లాగే. కత్తెర ముట్టలేదు. తర్వాత మూతవైపు కాగితానికి సిలికాను, తమలపాకుకు సున్నం రాసినంత పల్చగా, రాశాడు. ఇంజనువైపుకు ఉత్త గ్రీజు.

"అటువైపు ఎందుకు రాయలేదు మేస్త్రీ?"

"మళ్లీ ఇప్పేవాడు కూడా మనిషే కదా సామీ" అన్నాడు. ఈసారి విప్పితే కాగితం మూతతోబాటు చెక్కుచెదరకుండా వస్తుంది, గోకే పని ఉండదు. మరలను ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని, అట్లా మూడు విడతల్లో బిగించాడు.

సాయంత్రమే ఆయిలు పోసి తిప్పుదామని అబ్బాయి తొందర. పైపొర పావుగంటలో ఆరినట్లు కనిపించినా, లోపల ఆరడానికి ఒకరోజు పడుతుంది. మేస్త్రీ బండి తాళంచెవి జేబులో వేసుకుని తన ఇంటికి పోయాడు. అంతకంటె మంచి సీలు మరొకటి లేదు.

మూడు వారాలపాటు బండి కింద అట్టముక్క ఒకటి పరిచి ఉంచాము. పదో రోజున ఒక చిన్న చుక్క కనిపించింది. పౌడరు చల్లితే అది కిక్కు ఇరుసు దగ్గరి సీలుదని తేలింది. సీలు మార్చాము, దాని ధర పేస్టుకంటె తక్కువ. ఆ తర్వాత అట్ట పొడిగానే ఉన్నది. మిగిలిన సిలికాన్ గొట్టం మూతిలో మేకు దిగ్గొట్టినా నెలరోజుల్లో రాయి అయ్యేదే గనుక, మా వీధిలోని మరి మూడు బండ్లవారికి కబురుపెట్టి ఆ వారంలోనే ఖాళీ చేయించాము. వారు తలా కొంత ఇచ్చారు. ఆవిధంగా మా వాటాకు పడింది ఒక్క భోజనం ఖరీదు.

చవితినాడు అక్కయ్య వాకిట్లోకి వచ్చి, బండివైపు చూడకుండా, ఆ అట్టముక్కను తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"దసరాకు ఆయుధపూజ వస్తున్నది గదా. రెండు నిమ్మకాయలు ఎక్కువ తెమ్మను" అని మా ఆవిడతో చెప్పి లోపలికి వెళ్లింది.